సీడెడ్ లెక్క వేరు, బూత్ లెక్క వేరు

తెలుగు సినిమా వ్యాపారంలో రాయలసీమ అనే మాట పెద్దగా వినపడదు. అక్కడ దాని పేరు సీడెడ్. నైజాం ఇంత, సీడెడ్ ఇంత, ఆంధ్రా ఇంత అని హక్కులు అమ్ముకుంటారు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చేసినప్పుడు పుట్టిన పేరు అది. ఎవరో ఎవరికో ఇచ్చేసిన జిల్లాలు అనిపించుకోవడం ఏం బాగుంటుందని, 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు సూచించిన రాయలసీమ పేరును ఖాయం చేసుకున్నారు. రాజకీయాలకు కొత్త పేరు అతుక్కుపోయింది. సినిమావాళ్లకు మాత్రం ఇప్పటికీ పాతదే.

పేరుతో పాటు లెక్కపెట్టే పద్ధతి కూడా వేరే. డిస్ట్రిబ్యూటర్‌కు సీడెడ్ అంటే ఒకే ముక్క. కర్నూలులో తెగిన టికెట్టూ, కదిరిలో తెగిన టికెట్టూ ఒకే షేర్‌లో, అంటే అతని వాటా డబ్బులో, వచ్చి పడతాయి. ఒక కుర్రాడు నాలుగుసార్లు చూస్తే నాలుగు టికెట్లు. బెంగళూరు నుంచి పండక్కి వచ్చినవాడు చూసినా టికెట్టే, పదిహేనేళ్ల పిల్లోడు చూసినా టికెట్టే. ఎన్నికలొస్తే అదే నేల 52 నియోజకవర్గాలవుతుంది. ఉమ్మడి కర్నూలులో 14, అనంతపురంలో 14, కడపలో 10, ఈ మూడింట్లోనే 38, మిగతావి చిత్తూరువి. ఒక్కో నియోజకవర్గంలో అటూ ఇటూగా రెండు లక్షలు, అంతకు పైన ఓట్లు. వెయ్యి, పన్నెండొందల మందికి ఒక బూత్. మనిషికి ఒకటే ఓటు, అదీ జాబితాలో పేరున్న ఊళ్లోనే వెయ్యాలి. అన్ని జిల్లాల్లో తలా కొంచెం అభిమానులున్న హీరోకు మొదటి లెక్కలో లాభం. రెండో లెక్కలో ఆ తలా కొంచెం ప్రతి నియోజకవర్గంలోనూ మూడో స్థానం దగ్గరే ఆగిపోవచ్చు.

హీరో మీటింగ్ పెడితే జనం విరగబడతారు, మరి ఆ జనం ఓట్లుగా మారతారా లేదా అని ప్రతి ఎన్నికకూ టీవీల్లో చర్చలు నడుస్తాయి. ఈ ప్రశ్నలోనే ఒక పొరపాటు దాగుంది. ప్రేక్షకుడు ముందు, ఓటరు తర్వాత అని అది అనుకుంటోంది. సీమ మూడు జిల్లాల ఫలితాలను దగ్గరగా చూస్తే వరస తిరగబడి కనిపిస్తుంది. ఇక్కడ ఓటు ఎటో ముందే తేలిపోయి ఉంటుంది. ఏ పేపరు తెప్పించాలి, ఏ ఛానల్ పెట్టాలి, ఎవరి వీడియో పక్కవాడికి పంపాలి అన్నది ఆ తర్వాత తేలుతుంది.

ఈ వాదనకు అడ్డం పడేది హిందూపురం, కాబట్టి ముందు దాని సంగతే చూడాలి. 1985, 1989, 1994లో ఎన్టీఆర్ అక్కడి నుంచి గెలిచారు. ఆయన పోయాక 1996 ఉపఎన్నికలో హరికృష్ణ గెలిచారు. 2014, 2019, 2024లో బాలకృష్ణ. ఈ తేదీలే వరసగా పేరిస్తే సినిమా కుటుంబం కట్టుకున్న కోటలా ఉంటుంది. మధ్యలో వదిలేసిన తేదీలు కూడా కలిపితే బొమ్మ మారిపోతుంది. 1983లో ఎన్టీఆర్ పోటీ చేసింది గుడివాడ, తిరుపతిల్లో. హిందూపురంలో ఆయన లేకుండానే టీడీపీ గెలిచింది. 1999, 2004, 2009 అభ్యర్థులకు తెరతో సంబంధమే లేదు, వాళ్లూ గెలిచారు. టీడీపీ రాష్ట్రం మొత్తం మీద 47 సీట్లకు పడిపోయిన 2004లో కూడా హిందూపురం చెయ్యి జారలేదు. హీరో ఉన్నా లేకున్నా గెలిచే సీటును హీరో ఖాతాలో వెయ్యడం న్యాయం కాదు. ఆ కుటుంబానికి హిందూపురం ఎంత అవసరమో, హిందూపురానికి ఆ కుటుంబం అంత అవసరమా అన్నది వేరే చర్చ.

2019లో అయితే ఎవరో కావాలని పరీక్ష పెట్టినట్టే జరిగింది. ఆ ఏడాది జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఎన్టీఆర్ జీవితకథ రెండు భాగాలుగా విడుదలైంది. తండ్రి పాత్ర వేసింది బాలకృష్ణే. రెండూ ఆడలేదు. అదే ఫిబ్రవరిలో వైఎస్ రాజశేఖరరెడ్డి పాదయాత్ర మీద మమ్ముట్టి నటించిన సినిమా కూడా వచ్చింది. ఏప్రిల్ 11న పోలింగ్. సీమలో 52కి 49 వైఎస్సార్‌సీపీ ఊడ్చేసింది. టీడీపీకి మిగిలినవి కుప్పం, ఉరవకొండ, హిందూపురం. తండ్రి కథను సొంత అభిమానులే హాళ్లలో నిలబెట్టలేకపోయిన రెండు నెలలకు, పార్టీ మొత్తం కొట్టుకుపోయిన గాలిలో, అదే నటుడు హిందూపురంలో 2014 కంటే ఎక్కువ మెజారిటీతో గెలిచారు. టికెట్టు కొననివాళ్లు కూడా ఓటేశారన్నమాట.

దీనికి అద్దంలో బొమ్మలాంటిది 1989. ఎన్టీఆర్ హిందూపురంతో పాటు కల్వకుర్తిలో కూడా నిలబడ్డారు. మనిషి ఒకడే, సినిమాలు అవే, ఎన్నిక కూడా అదే. హిందూపురం గెలిపించింది, కల్వకుర్తి ఓడించింది. 2009లో చిరంజీవి తిరుపతిలో గెలిచి, సొంత గడ్డ అనుకున్న పాలకొల్లులో ఓడారు. ఆ ఎన్నికల్లోనే జూనియర్ ఎన్టీఆర్ ప్రచారానికి ఊరూరా జనం ఎగబడ్డారు, టీడీపీ మాత్రం ప్రతిపక్షంలోనే ఉండిపోయింది. 2019లో పవన్ కల్యాణ్ గాజువాక, భీమవరం రెండు చోట్లా ఓడిపోయారు. రోడ్ షోకు వచ్చినవాళ్లలో పక్క నియోజకవర్గం వాళ్లుంటారు, ఓటు వయసు రానివాళ్లుంటారు, ఊరికే చూసిపోదామని వచ్చినవాళ్లుంటారు. బూత్‌లో పోలింగ్ ఏజెంటు వీళ్లలో ఎవరినీ లెక్కలోకి తీసుకోడు.

అలాగని తెర ఎప్పుడూ ఓటు తేలేదని చెప్పలేం. 1983 ఉంది కదా. 1982 మార్చి 29న పార్టీ పెడితే 1983 జనవరి 9న ముఖ్యమంత్రి. మధ్యలో తొమ్మిది నెలలు, చైతన్యరథం, రోజూ ఈనాడు మొదటి పేజీ. రాముడిగా, కృష్ణుడిగా చూసిన మనిషి ఊరి నడిమధ్యకు వచ్చి వ్యాను మీద నిలబడి మాట్లాడితే జనం ఊగిపోయారు. (ఆ కృష్ణుణ్ణి జనం గుండెల్లో నిలబెట్టిన 1957 నాటి మాయాబజార్‌కు దర్శకుడు కె.వి.రెడ్డిది తాడిపత్రి, నిర్మాత నాగిరెడ్డిది కడప జిల్లా. సీమ చేసి పంపిన కిరీటమే పాతికేళ్ల తర్వాత ఓట్లడుగుతూ సీమకు తిరిగొచ్చింది.) అయితే ఆ ఏడాది తెర పనిచేసిన తీరు గమనించాలి. అప్పటిదాకా సీమ పల్లెల్లో కొట్లాట అంతా కాంగ్రెస్‌లోని వర్గాల మధ్యనే ఎక్కువగా నడిచేది. ఏ వర్గంలోనూ చోటు దొరకని వెనకబడిన కులాల కుర్రాళ్లకు, భర్త చెప్పిన గుర్తుకే గుద్దే ఆడవాళ్లకు, పెద్దరెడ్డి ఇంటి అరుగు ఎక్కలేని వాళ్లకు సొంతంగా నిలబడటానికి ఒక చోటు కావాల్సి వచ్చింది. తెర మీది పరిచయం ఆ తలుపు తెరిచింది. లోపలికి వచ్చినవాళ్లు ఆ తర్వాత పార్టీ మనుషులైపోయారు. వాళ్ల పిల్లలు టీడీపీకి ఓటేసేది నాన్న టీడీపీ కాబట్టి. పాత పౌరాణికాలు వాళ్లు చూసుండకపోవచ్చు కూడా. ఎవరికీ చెందని ఓట్లు అంత పెద్ద ఎత్తున మళ్లీ దొరకలేదు. తర్వాత వచ్చిన హీరోలకు అదే ఇబ్బంది.

సీమ పల్లెల్లో పార్టీ అనే మాటకే వేరే అర్థం ఉంది. "ఊర్లో రెండు పార్టీలు" అంటే కాంగ్రెస్, టీడీపీ అని కాదు, రెండు వర్గాలని. గుడి పెత్తనం దగ్గరో, చెరువు మీద హక్కు దగ్గరో, ఎప్పటిదో ఒక హత్య దగ్గరో చీలిన ఊరు అది. ఒక వర్గం ఏ జెండా పడితే రెండో వర్గం దానికి ఎదురు జెండా పడుతుంది. నాయకుడు పార్టీ మారితే వెనకున్న ఇళ్లు చాలావరకు ఆయనతో పాటే కదులుతాయి. ఈ పార్టీ వయసు ఎన్నికల గుర్తు కంటే పెద్దది, సినిమా హాలు కంటే కూడా పెద్దదే. కాబట్టే కర్నూలులోనో ప్రొద్దుటూరులోనో తెల్లారుజామున బెనిఫిట్ షో దగ్గర కాగితాలు ఎగరేసినవాణ్ణి సాయంత్రం ఆ హీరో పార్టీకి ఓటేస్తావా అంటే, సినిమా వరకే అంటాడు. అందులో అతనికి ఇబ్బందేం కనపడదు. ఫ్లెక్సీ చూసినా తెలుస్తుంది. మధ్యలో నిలువెత్తు హీరో, పైన మూలన స్థానిక నాయకుడు, కింద వరసగా పాస్‌పోర్టు సైజులో అభిమాన సంఘం కుర్రాళ్లు. హీరో ఒక పార్టీ, పైన మూలనున్న నాయకుడు ఇంకో పార్టీ అయిన ఫ్లెక్సీలు కూడా ఉంటాయి. రేపు వార్డులో నిలబడాలంటే టికెట్టిచ్చేది పైన మూలనున్నాయనే అని ఆ కుర్రాడికి బాగా తెలుసు.

2009లో చిరంజీవి పెట్టిన ప్రజారాజ్యానికి రాష్ట్రం మొత్తం మీద 294కు 18 సీట్లే వచ్చాయి. అందులో ఉమ్మడి కర్నూలు జిల్లావి ఆళ్లగడ్డ, బనగానపల్లె. మెగా అభిమానం ఆళ్లగడ్డలో అంత దట్టంగా ఉందా అనిపించవచ్చు. అక్కడ గెలిచింది భూమా శోభానాగిరెడ్డి, బనగానపల్లెలో గెలిచింది కాటసాని రామిరెడ్డి. రెండూ ఫ్యాక్షన్ సీమలో ముందునుంచీ సొంత బలగం ఉన్న కుటుంబాలే. శోభానాగిరెడ్డి అంతకుముందు టీడీపీలో ఉన్నారు. 2009లో ప్రజారాజ్యం, 2012 ఉపఎన్నికలో వైఎస్సార్‌సీపీ. 2014 ఏప్రిల్ 24న రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. అప్పటికే బ్యాలెట్ మీద పేరు ఖరారైంది. రెండు వారాలు తిరక్కుండానే పోలింగ్ జరిగితే ఆళ్లగడ్డ ఆమెనే గెలిపించింది. తర్వాత ఆ సీటుకు వచ్చిన కూతురు అఖిలప్రియ 2016లో టీడీపీలోకి వెళ్లి, 2019లో ఓడి, 2024లో గెలిచారు. చనిపోయిన మనిషికి ఓటేసి గెలిపించుకున్న ఊరు ఏ ఛానల్ చూసి ఆ నిర్ణయం తీసుకుంది? 2009లో కూడా అక్కడ ఓట్లు హీరో కోసం వచ్చాయనడం కంటే, ఆ కుటుంబం ఓట్లు హీరో పార్టీలోకి వెళ్లాయనడమే సరిగ్గా ఉంటుంది.

పేపర్ల దగ్గరికి వస్తే వరస తిరగబడటం ఇంకా బాగా కనిపిస్తుంది. 1974లో విశాఖపట్నంలో మొదలైన ఈనాడు, 1980ల చివర జిల్లా పేజీలతో ప్రతి మండలానికీ తన ఊరి పేరు అచ్చులో చూసుకునే అలవాటు చేసింది. మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. 2004లో అధికారంలోకి వచ్చిన వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రతి సభలోనూ "ఆ రెండు పత్రికలు" అంటూ మొదలుపెట్టేవారు. పేరు చెప్పకపోయినా అవి ఈనాడు, ఆంధ్రజ్యోతి అని కడప జనానికి తెలుసు. 2008 మార్చిలో ఆయన కుమారుడు జగన్ సాక్షి దినపత్రికను ఒకేసారి 23 ఎడిషన్లతో తెచ్చారు. మరుసటి ఏడాది టీవీ. ఇక్కడ పాఠకులు ఉన్నారో లేదో చూసి పత్రిక పెట్టలేదు. ఓటర్లు ముందే ఉన్నారు, వాళ్లు చదువుకోవడానికి ఒక పేపరు కావాల్సి వచ్చింది. 2011లో కడప పార్లమెంటు ఉపఎన్నికలో జగన్ ఐదు లక్షల నలభై వేల పైచిలుకు మెజారిటీతో గెలిస్తే, అది సాక్షి ప్రభావమని అన్నవాళ్లున్నారు. పులివెందుల వైపు నాలుగు ఊళ్లు తిరిగినవాడు ఆ మాట అనడు.

కడపలో పొద్దున ఆరింటికి ఏ టీ కొట్టు దగ్గరైనా నిలబడితే చాలు. బల్ల మీద ఏ పేపరు పడి ఉందో చూస్తే ఆ కొట్టు మొగ్గు ఎటో ఒక అంచనా వస్తుంది. రెండూ తెప్పించేవాడు పక్కా వ్యాపారి. ఇటువాళ్లకు ఇది, అటువాళ్లకు అది, టీ మాత్రం అందరికీ ఒకటే. ఎదుటి పేపరు కూడా చదివేవాళ్లు లేకపోలేదు, అయితే వార్త కోసం కాదు, అవతలివాళ్లు ఏం తిడుతున్నారో చూద్దామని. కడప ఉక్కు ఫ్యాక్టరీకి 2018 డిసెంబర్‌లో కంబాలదిన్నె దగ్గర చంద్రబాబు, 2019 డిసెంబర్‌లో సున్నపురాళ్లపల్లె దగ్గర జగన్ శంకుస్థాపనలు చేశారు. 2023లో జగన్ మళ్లీ ఒకసారి పూజ చేశారు. ఏ పూజ ఏ పేపర్లో పండగలా వస్తుందో, ఏ పేపర్లో లోపలి పేజీలో అనుమానంగా వస్తుందో టీ కొట్టు దగ్గర చదవకుండానే చెప్పేస్తారు. జమ్మలమడుగు మనిషికి అసలు సంగతి తెలుసుకోవడానికి పేపరు అక్కర్లేదు, బస్సు కిటికీలోంచి చూస్తే సరిపోతుంది.

పాఠకుడికి తెలియని భాగం మండల విలేకరి జీతంలో ఉంది. చాలామందికి నికరమైన జీతం ఉండదు. రాసినదానికి లైన్లు లెక్కగట్టి ఇచ్చే ఎంతో కొంత లైన్ అకౌంటు, ఆ పైన ప్రకటనల మీద కమీషన్. దానికి టార్గెట్లుంటాయి. కొత్త సంవత్సరం, సంక్రాంతి, ఆగస్టు 15, అన్నింటికంటే ముఖ్యంగా ఎమ్మెల్యే పుట్టినరోజు. ఆ రోజు జిల్లా పేజీ నిండా శుభాకాంక్షలే. డబ్బులిచ్చేది సర్పంచో, మార్కెట్ యార్డు చైర్మనో, రోడ్డు పనుల కాంట్రాక్టరో. తమ నాయకుణ్ణి రోజూ ఏకే పేపరుకు వాళ్లు ప్రకటన ఇవ్వరు. అలా పై నుంచి యాజమాన్యం మొగ్గు, కింది నుంచి ప్రకటనల డబ్బు, రెండూ కలిసి పేపరును ఒక పార్టీ వాకిట్లోకి నెడతాయి. తటస్థంగా ఉందామనుకున్న విలేకరికి టార్గెట్ దగ్గరపడే కొద్దీ టెన్షన్ మొదలవుతుంది.

ప్రభుత్వాలు కూడా ఓటరూ పాఠకుడూ ఒకరేనన్న లెక్కతోనే నడిచాయి. 2022లో జగన్ ప్రభుత్వం నుంచి రాష్ట్రంలోని గ్రామ, వార్డు వాలంటీర్లకు బాగా అమ్ముడుపోయే దినపత్రిక కొనుక్కోమని నెలకు 200 రూపాయలు ఇస్తూ జీవో వచ్చింది. ఇది సాక్షి సర్క్యులేషన్ పెంచడానికే అని ఈనాడు యాజమాన్యం కోర్టుకెక్కింది. 2023లో సుప్రీంకోర్టు కేసును ఢిల్లీ హైకోర్టుకు బదిలీ చేసింది. ఒక పేపరు ఎన్ని ఇళ్లకు వెళ్తుందన్న వ్యాపార లెక్క మీద రాజకీయ యుద్ధం నడవడం, దాన్ని సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లడం తెలుగునాట తప్ప ఎక్కడైనా ఉంటుందా అనిపిస్తుంది. అంత జరిగాక 2024లో వైఎస్సార్‌సీపీకి 175లో 11 సీట్లు. ఉమ్మడి కర్నూలులో ఆలూరు, మంత్రాలయం, ఉమ్మడి కడపలో పులివెందుల, బద్వేలు, రాజంపేట మిగిలాయి. అనంతపురంలో ఒక్కటీ లేదు. ఎన్ని ఇళ్లకు చేరినా పేపరు ఓట్లను కాపాడలేకపోయింది.

సినిమా టికెట్ల సంగతీ ఇలాంటిదే. 2021 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 35 ప్రకారం గ్రామ పంచాయతీల్లోని ఏసీ లేని హాళ్లలో కింది క్లాసు టికెట్ ఐదు రూపాయలు. ఇంటర్వెల్లో టీ కూడా ఆ ధరకు రాదు. పేదవాడికి వినోదం అందాలన్నది ప్రభుత్వం చెప్పిన కారణం, ఒక హీరో వసూళ్లు తగ్గించాలన్నది ఎదుటివాళ్లు చెప్పిన కారణం. రెండింట్లోనూ ఒకే నమ్మకం ఉంది, హాల్లో కూర్చున్నవాడు ఓటరేనని. 2022 మార్చిలో రేట్లు సవరించారు. ఆ పది పన్నెండు నెలల్లో సి సెంటర్ హాళ్లవాళ్లు, అంటే చిన్న ఊళ్ల హాళ్లవాళ్లు, నలిగిపోవడం తప్ప ఏ పార్టీకీ ఒరిగిందేమీ కనపడదు.

టీవీ రేటింగుల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. దేశం మొత్తం మీద యాభై వేల పైచిలుకు ఇళ్లలో మీటర్లు పెట్టి కొలిచే లెక్క అది. ప్రకటనల ధర నిర్ణయించడానికి పనికొస్తుంది, ఎమ్మిగనూరులో ఎవరు గెలుస్తారో చెప్పడానికి పనికిరాదు.

ఫోను వచ్చాక ప్రేక్షకుడికీ ఓటరుకూ మధ్య దూరం ఇంకా పెరిగింది. ప్రతి పట్నంలోనూ మైకు పట్టుకుని తిరిగే యూట్యూబ్ ఛానళ్లు నాలుగైదు ఉంటాయి. రాయచోటి మీద ఒక వీడియో పెడితే వేలల్లో వ్యూస్ వస్తాయి, చూసేవాళ్లలో చాలామంది కువైట్‌లో ఉంటారు. కడప జిల్లా నుంచి కువైట్ వెళ్లినవాళ్లకు ఊరి రాజకీయం రాత్రి డ్యూటీ అయ్యాక దొరికే వినోదం. కామెంట్లలో తిట్టుకునేదీ వాళ్లే. ప్రవాసులు ఓటర్ల జాబితాలో పేరు చేర్పించుకునే వీలు 2011 నుంచి ఉంది, కానీ ఓటెయ్యాలంటే విమానం ఎక్కి వచ్చి సొంత బూత్‌లోనే వెయ్యాలి. రానుపోను టికెట్టు పెట్టి వచ్చేది ఎంతమంది? కోసిగి, మంత్రాలయం వైపు నుంచి మిరప కోతలకు గుంటూరు జిల్లాకు సుగ్గికి, అంటే కూలి వలసకు, పోయినవాళ్ల పరిస్థితి వేరు. వాళ్లు చూసే వీడియోలు తక్కువ, వ్యూస్‌లో వాళ్ల వాటా చిన్నది. ఎన్నికలప్పుడు మాత్రం వాళ్ల కోసం బండ్లు మాట్లాడతారు, మేస్త్రీకి ఫోన్లు వెళ్తాయి. ఏ నియోజకవర్గంలో ఎన్ని బండ్లు వచ్చాయి, ఎవరు పెట్టారు అన్నది అభ్యర్థి దగ్గర కాగితం మీద ఉంటుంది. వీడియోకు ఎన్ని లైకులు వచ్చాయన్నది ఆ కాగితం మీద ఉండదు.

పేరు అందరికీ తెలిసి ఉండటం కూడా ఒక్కోసారి చాలదు. 2024లో కడప పార్లమెంటుకు కాంగ్రెస్ తరఫున జగన్ చెల్లెలు వైఎస్ షర్మిల నిలబడ్డారు. ఆమె ఎవరో తెలియని ఇల్లు ఆ జిల్లాలో ఉండదు. ప్రచారం మొత్తాన్ని ఛానళ్లు ప్రత్యక్షంగా చూపించాయి, జనం కదలకుండా చూశారు. ఇంటి గొడవ వీధిలోకి వస్తే ఎవరైనా చూస్తారు. ఫలితాల్లో ఆమెది మూడో స్థానం.

పార్టీలకు ఇదంతా తెలియక కాదు. 2024లో టీడీపీ, బీజేపీలతో కలిసిన కూటమిలో పవన్ కల్యాణ్ పార్టీ జనసేన తీసుకున్న 21 సీట్లలో ఉమ్మడి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల 38కి గాను వచ్చింది ఒక్కటే, ఎస్సీ రిజర్వుడు సీటు రైల్వేకోడూరు. 21కి 21 గెలిచిన పార్టీ అది, కోడూరు కూడా గెలిచింది. సీమలో ఇంకో పది సీట్లు కావాలని గట్టిగా పట్టుబట్టలేదు. ఆ పార్టీ అధినేత సినిమా విడుదలైన రోజు ఆదోని, గుంతకల్లు, ప్రొద్దుటూరు హాళ్ల ముందు ఎంత హడావిడి ఉంటుందో సీట్లు పంచుకున్నవాళ్లకు తెలియంది కాదు. సీడెడ్ హక్కులు కొనే డిస్ట్రిబ్యూటర్ మాత్రం 38లో ఒకటి అన్న లెక్క చూసి ధర తగ్గించమని ఎన్నడూ అడగడు.